పుల్లావు తోలు, తంగేడు బెరడు

ఒకప్పుడు పశువులు తంగేడును మేసేవి.

అవునమ్మా, ఇప్పుడు దాన్ని చూసి మూతి తిప్పుకుని పోయే పశువులే. అప్పట్లో తంగేడాకు తియ్యగా ఉండేదట. చిగురు కనిపిస్తే చాలు, కొరికేసేవి. పాపం, తంగేడు మోకాలెత్తు దాటింది లేదు. ఒక్క మొగ్గ విచ్చుకున్నది లేదు. తన పువ్వు ఏ రంగులో ఉంటుందో దానికే తెలియదు.

ఆ రోజుల్లో మన నేల మీద మునుల కొయ్య పావుకోళ్ళు తప్ప ఎవరి కాళ్ళకూ చెప్పులు లేవు.

ఇది జరిగింది రోహిణి కార్తె మూడో రోజు, శుక్రవారం, పొద్దు సరిగ్గా నడినెత్తికి వచ్చిన వేళ. మా అమ్మమ్మ ఈ కథ ఎప్పుడు చెప్పినా ముందు వారమూ వేళా చెప్పేది. "దేవుడు చూసిన వేళను మనం మరవకూడదు" అనేది. అందుకే నేనూ చెబుతున్నాను.

గరుసురాళ్ళ మిట్ట మీద ఒక గుడిసె ఉండేది. అందులో ఓబులమ్మ అనే ముసలామె, ఆమె కొడుకు ఈరన్న, కోడలు సుంకమ్మ ఉండేవారు. కొట్టంలో ఎర్రమట్టి రంగు ముసలి పుల్లావు ఒకటి, దాని ఆఖరి ఈత పెయ్యదూడ.

ఈరన్న కాలిలో తుమ్మముల్లు విరిగి, పాదం బూడిదగుమ్మడికాయలా వాచింది. నెలరోజులుగా మంచం దిగలేదు. ఓబులమ్మకు పది అడుగులు వేస్తే ఆయాసం. ఇక నీళ్ళు తేవాలంటే సుంకమ్మ ఒక్కతే. నీళ్ళు ఊరే చెలమ కోసెడు దూరం. దారి పొడుగునా రాళ్ళు, రాళ్ళ మధ్య ముళ్ళు.

రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు కదా. ఆనాడు సుంకమ్మ పాదాలూ పగిలాయి. బొబ్బలెక్కాయి. బొబ్బలు చిట్లాయి. ఇల్లు కనుచూపు మేరలో ఉందనగా ఆమె బండ మీద కూలబడింది. నెత్తి మీది కుండ పడి భళ్ళుమంది. బండ ఆ నీళ్ళను ఒక్క గుక్కలో తాగేసి, ఆవిరి వదిలింది.

మోకాళ్ళ మీద పాక్కుంటూ ఇల్లు చేరింది సుంకమ్మ. అత్త ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాసింది.

"అత్తా, వద్దు. నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేంటి?"

"నోరుమూసుకో. ఈ కాళ్ళ మీదే కదే ముగ్గురం బతుకుతున్నాం."

"రేపెట్లా అత్తా? ఇంట్లో నీళ్ళు నాలుగు ముంతలు. కుండలు రెండే మిగిలాయి."

మంచం మీద ఈరన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏడుస్తున్నాడని ఆడవాళ్ళిద్దరికీ తెలుసు. సుంకమ్మ నడవకపోతే మూడోనాటికి ఆ ఇంట్లో దీపం పెట్టే మనిషి ఉండదు. అది మాత్రం ముగ్గురికీ తెలుసు.

సాయంత్రం వడగాలి వచ్చి వాకిట్లో సుడి తిరిగింది. సుంకమ్మ చేతులు జోడించింది.

"ఓ గాలిదేవుడా, నువ్వు తిరగని దేశం లేదు. మిగతా వాళ్ళు కాళ్ళు కాలకుండా ఎట్లా నడుస్తున్నారో కాస్త చెప్పు."

"నాకు కాళ్ళే లేవు. నన్ను అడుగుతావేం?" అని నవ్వింది గాలి. ఆ పాదాలు చూసి నవ్వు ఆపేసింది. "సరే, విను. సముద్రాల అవతల వరి పండించే చలిదీవులున్నాయి. అక్కడివాళ్ళు గడ్డి పేని, దాన్ని కాళ్ళకు కట్టుకుంటారు."

శనివారం తెల్లారక ముందే సుంకమ్మ ఇంటికప్పు నుంచి గడ్డి లాగి పేనింది. కాళ్ళకు కట్టుకుని బయల్దేరింది. దడి దాటిందో లేదో, కింది నుంచి ముళ్ళు పొడిచాయి.

"అమ్మా, తడినేలైతే నేను ఓర్చుకుంటాను" అంది గడ్డి. "ఇది పొయ్యి. పొయ్యిలో ఎండుగడ్డి ఎంతసేపుంటుంది?"

గాలి మళ్ళీ చెప్పింది. "ఇసుక దేశం ఒకటుంది. అక్కడ పెద్ద ఏటి ఒడ్డున వెనకటికి ఈతాకూ తాటాకూ అల్లి తొడుక్కునేవారు. రాజులకైతే బంగారు చెప్పులు."

"బంగారమా! కాలదా?" అంది ఓబులమ్మ.

"అవి నడవడానికి కాదవ్వా. రాజు పోయాక తొడుగుతారు."

"పోయాక ముళ్ళెక్కడివి? పిచ్చి రాజులు" అని ఓబులమ్మ ఆయాసపడుతూనే కొట్టం చూరు నుంచి తాటాకు లాగి అల్లింది.

తాటాకు చెప్పులు చెలమ దాకా వెళ్ళాయి. తిరుగుదారిలో ఈనెలు ఈనెలుగా విడిపోయాయి. సుంకమ్మ నెత్తురు అడుగులతో వచ్చినా, ఒక కుండ నీళ్ళు మాత్రం నిలిపింది. ఆ కుండే ఆ ఇంటికి ప్రాణం.

ఆదివారం ఓబులమ్మకు మునుల పావుకోళ్ళు గుర్తొచ్చాయి. ఈరన్న మంచం మీదే కూర్చుని వేపచెక్కతో ఒక జత చెక్కాడు. సుంకమ్మ రెండో కుండ పట్టుకుని టకటకా నడిచింది. చదునులో బాగానే ఉంది. తిరుగుదారిలో మిట్ట ఎక్కుతుంటే చెక్క జారింది. రెండో కుండ కూడా పోయింది.

"నేను చదునునేల దాన్ని తల్లీ" అని పావుకోడు సిగ్గుపడింది. "వట్టి చేతులతో నెమ్మదిగా నడిచే మునులకైతే సరిపోతాను. నీళ్ళు మోసే ఆడదాన్ని నేను మొయ్యలేను."

"ఇంకేమైనా ఉందా నాయనా?" అని గాలిని అడిగింది ఓబులమ్మ.

"ఉంది. మంచు దేశాల్లో..." అని గాలి ఆగిపోయింది. "వద్దులే అవ్వా. చెప్పడానికి నోరు రావడంలేదు."

"చెప్పు."

"మంచు దేశాల్లో బొచ్చుతోలు మోకాళ్ళ దాకా కుట్టుకుంటారు."

తోలు అనే మాట వాకిట్లో పడింది. ఎవరూ దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

కొట్టంలో పుల్లావు మెల్లగా తలెత్తింది.

"సుంకూ, ఇట్లా రా" అని పిలిచింది.

సుంకమ్మ పాక్కుంటూ వెళ్ళి దాని మెడ కింద కూర్చుంది.

"నాకు ఇరవై ఏళ్ళు నిండాయి. పళ్ళు లేవు. మొన్నటినుంచి నా వాటా నీళ్ళు దూడకు వదిలేస్తున్నాను, నువ్వు గమనించలేదు. రేపు తెల్లవారేసరికి నేనుండను. నా తోలు తీసుకో."

"అమ్మా! నీ పాలు తాగి మా ఆయన పెరిగాడు. తల్లి తోలు తొక్కుకుంటూ నడవమంటావా? నా కాళ్ళు పడిపోనీ!"

"నీ కాళ్ళు పడిపోతే నా బిడ్డకు నీళ్ళెవరు పోస్తారే?" అంది పుల్లావు. కోపంగా కాదు, తల్లి మందలించినట్టు. "ఇన్నేళ్ళు నా మోపు గడ్డి నువ్వు నెత్తిన మోశావు. ఇక నేను నిన్ను మోస్తాను. ఇది తొక్కడం కాదు బిడ్డా. ఎత్తుకోవడం."

సుంకమ్మ ఆ మెడకు చెంప ఆనించి అట్లాగే ఉండిపోయింది.

సోమవారం పొద్దు పొడిచే వేళకు పుల్లావు పోయింది. ఓబులమ్మ దాని తలాపున దీపం పెట్టింది. ఈరన్న వాచిన కాలు ఈడ్చుకుంటూ కొట్టంలోకి వెళ్ళాడు. మూడుసార్లు ఆవుకు మొక్కాడు. చేయవలసిన పని తన చేతులతోనే చేశాడు. ఆ తరవాత గొయ్యి తీసి ఆవును సాగనంపాడు. అందుకే తోలు పని చేసే చేతులను తక్కువగా చూడకూడదని మా అమ్మమ్మ ఇక్కడ ఆగి మరీ చెప్పేది.

కానీ వాళ్ళకు ఒకటి తెలియదు. పచ్చితోలు చెప్పు కాదు.

తోలును మామూలు బట్టలాగే ఎండేశారు. తడిబట్ట ఎండినా మెత్తగానే ఉంటుంది కదా, ఇదీ అంతే అనుకున్నారు. మంగళవారానికి అది కుండపెంకులా బిగుసుకుపోయింది. వంచితే పెళుసుగా విరిగింది. వాసన కొట్టింది. ఈగలు ముసిరాయి.

సుంకమ్మ ఆ తోలు ఒళ్ళో పెట్టుకుని దడి పక్కన కూలబడింది.

"పోయినదాని మాట కూడా నిలబెట్టలేకపోయాను" అని ఏడ్చింది. "ప్రాణం ఇచ్చిపోయింది. దాన్ని నేను కుళ్ళబెట్టాను."

"ఎవరే అది? ఆ పుల్లావు తోలేనా?"

దడి పక్కన రాళ్ళలోంచి వచ్చింది ఆ గొంతు. చూస్తే మొండి తంగేడు. నాలుగు పుల్లలు, రెండాకులు.

"అదే తల్లీ."

"రోజూ నా తల కొరికేది. ఇటు చిగురు, అటు దాని నోరు. దాని నాలుక గరుకు నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు."

"అయితే సంతోషించు" అంది సుంకమ్మ.

తంగేడు రెండాకులూ వేలాడేసింది.

"సంతోషిద్దామనే అనుకున్నాను" అంది. "నిన్నటినుంచి నా చిగురు కొరికేవాళ్ళు లేరు. ఎందుకో బాగాలేదు. నా వేళ్ళ దగ్గర పడిన పేడ దానిదే. ఈ కరువులో నేను ఎండిపోకుండా ఉన్నానంటే ఆ తేమ వల్లే. మింగిందీ అదే, బతికించిందీ అదే. సరే, ఏడుపాపు. నా బెరడు ఒలువు."

"ఏమిటీ?"

"ఒలిచి, దంచి, నీళ్ళలో వెయ్యి. ఆ నీళ్ళలో తోలు నానబెట్టు. నా ఒగరు పట్టిన తోలు కుళ్ళదు, విరగదు. అది తన చర్మం ఇచ్చింది. నేనూ నా చర్మం ఇస్తాను. కానీ ఒక్క మాట కావాలి."

"అడుగు తల్లీ."

"నాకు ఒక్కసారి పూయాలని ఉంది."

పశువుల తరఫున మాట ఇవ్వడానికి సుంకమ్మ ఎవరు? అప్పుడు వెనకనుంచి చిన్నగా అడుగుల చప్పుడైంది. పెయ్యదూడ వచ్చి నిలబడింది. దాని ఎముకలు లెక్కపెట్టవచ్చు. తంగేడు రెండాకులు దాని మూతికి అంగుళం దూరంలో ఉన్నాయి. మూడు రోజులుగా దానికి మేతలేదు.

దూడ ఆకులను వాసన చూసింది.

దూడ తల పక్కకు తిప్పుకుంది.

"మా అమ్మ చర్మాన్ని కాపాడే చెట్టుకు నేను నోరు పెట్టను" అంది. "నా పిల్లలకూ చెబుతాను. వాళ్ళు వాళ్ళ పిల్లలకు చెబుతారు."

ఇక మిగిలింది నీళ్ళు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కుండే, అదీ సగం. తోలు నానితే తాగడానికి చుక్క ఉండదు. తాగితే తోలు నానదు.

"తాగితే రేపటి దాకా బతుకుతాం" అన్నాడు ఈరన్న. "నానబెడితే..."

"నానబెడితే బతుకుతామో లేదో దేవుడికి తెలుసు" అంది ఓబులమ్మ. "కానీ ఒరే, వాళ్ళిద్దరూ చర్మాలు ఇచ్చారు. మనం గొంతు తడి ఇవ్వలేమా?"

బుధవారం తెల్లారగానే ఆమె రెండు చేతులా కుండ ఎత్తి, దూడకు రెండు దోసిళ్ళు పోసింది. మిగిలినవి రోట్లో దంచిన బెరడు మీద వంచింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. రెండు పాదాలకు సరిపడా తోలు అందులో మునిగింది.

ఇప్పుడైతే ఆ పనికి వారాలు పడతాయి పిల్లలూ. ఆనాడు ఒక పగలు, ఒక రాత్రిలో అయిపోయింది. తంగేడు తొందరపడిందని మా అమ్మమ్మ అనేది. ఆ పగలూ రాత్రీ ఆ ఇంట్లో అందరి నోళ్ళూ ఎండిపోయాయి. మాట్లాడటానికి నాలుకలు కదలలేదు. ఓబులమ్మ మాత్రం మనసులోనే దేవుడి పేరు తలుచుకుంటూ కూర్చుంది.

గురువారం ఈరన్న తోలు బయటికి తీశాడు. అది మెత్తగా ఉంది. వంచితే వంగింది. వాసన పోయింది. మేసేటప్పటి పుల్లావు రంగులోనే మెరిసింది. అతను అడుగు కోసి, పట్టీ కుట్టి, బొటనవేలు దూర్చుకోవడానికి తోలు ఉంగటం పెట్టాడు.

సుంకమ్మ వాటిని ముందు కళ్ళకద్దుకుంది. తరవాతే కాలు పెట్టింది.

పొద్దు నడినెత్తి మీద ఉంది. అదే వేళ, అదే దారి. కింద బండ బుసకొట్టింది. తుమ్మముల్లు పైకి లేచి చూసి, మొన విరిగి పక్కకు పడింది. సుంకమ్మకు మాత్రం పుల్లావు వీపు మీద చెయ్యి వేసినట్టు, అడుగడుక్కీ గోరువెచ్చగా తగిలింది.

ఆమె నిండుకుండతో తిరిగొచ్చింది. ఒక్క చుక్క తొణకలేదు. మొదటి ముంత అత్తకు, రెండోది భర్తకు, మూడోది దూడకు. నాలుగోది తీసుకెళ్ళి, బెరడు ఒలిచిన తంగేడు మొదట్లో పోసింది. ఆ తరవాత తను తాగింది.

మర్నాడు శుక్రవారం. సరిగ్గా ఎనిమిదో రోజు. పొద్దున్నే ఓబులమ్మ తలుపు తీసి, "ఓరి దేవుడా!" అంది.

మిట్టంతా పసుపు! నీళ్ళు లేని రాళ్ళలో, మాడిన గరుసులో, ఎక్కడ చూస్తే అక్కడ తంగేడు పూసింది.

ఈరన్న దూడ పలుపు విప్పాడు. ఆకలిమీద ఉన్న దూడ పచ్చని తంగేళ్ళ మధ్యనుంచి నడిచింది. ఒక్క రెమ్మకూ నోరు పెట్టలేదు. అవతల ఎండు గడ్డిపరకలు వెదుక్కుని మేసింది.

అప్పటినుంచే పశువులు ఎంత కరువొచ్చినా తంగేడును మేయవు. అప్పటినుంచే వానలేని రాతినేల మీద కూడా తంగేడు కడుపునిండా పూస్తుంది.

ఆ పొద్దున ఓబులమ్మ ఒక రెమ్మ తుంచి, మొదటి పువ్వు దేవుడి దగ్గర పెట్టింది. రెండో పువ్వు గడప బయట, కోడలి చెప్పుల మీద పెట్టింది. సుంకమ్మ వంగి ఆ పువ్వు తీసి కొప్పులో తురుముకుంది. చెప్పులను కళ్ళకద్దుకుని తొడుక్కుంది. మిగిలిన ఆ ఒక్క కుండ నెత్తికెత్తుకుని, నీళ్ళకు బయల్దేరింది.