వీపు తిప్పిన దుప్పులు

పిల్లలూ, మీరుండే ఊళ్లో ఈ కథ ఎవరూ చెప్పరు. నేను చెప్పకపోతే మీకు తెలియకుండానే పోతుంది. అందుకని మధ్యలో లేవకుండా వినండి.

ఇప్పలకోన అని ఒక అడవి. అందులో చుక్కల దుప్పులూ, కొండముచ్చులూ, గుంటనక్కలూ ఉండేవి. వాగు పక్కన దుప్పి పిల్లల బడి ఉండేది. ముసలి దుప్పి పంతులమ్మ. గాలిలో వాసన పట్టడం, అడుగుల గుర్తులు చూసి జంతువును చెప్పడం నేర్పేది.

చదువు సగం అయ్యాక చిటికె అనే దుప్పి పిల్ల ఆ బడికి వచ్చింది. అది పుట్టిన రాతిమడుగులో నీళ్లు ఎండిపోతే, వాళ్లమ్మ దాన్ని తీసుకుని ఇటు వచ్చేసింది. "కొత్త చోటు. ఎవరెలాంటివాళ్లో! జాగ్రత్త తల్లీ!" అని అమ్మ రోజుకు పదిసార్లు చెప్పేది. రెండుసార్లు చెప్పినా సరిపోయేదేమో.

చిటికెకు అన్నీ అనుమానాలే. ఇద్దరు గుసగుసలాడితే తన గురించే అనుకునేది. రేగు అనే దుప్పి పిల్ల లేత చిగుళ్లు తెచ్చి ముందు పెడితే, 'ఊరికే ఎవరిస్తారు?' అని వాసన చూసి వదిలేసింది.

"ఏమే కొత్తపిల్లా, మీ ఊళ్లో చిగుళ్లకు పరీక్ష పెట్టి తింటారా?" అంది మొగలి అనే కొంటె దుప్పి. అందరూ నవ్వారు. చిటికె చెవులు వాలిపోయాయి.

నీళ్ల వేళ అయింది. "కొత్తపిల్ల ముందు తాగాలి" అంది పంతులమ్మ. చిటికె నీళ్లలో మూతి పెట్టిందో లేదో, మిగతావన్నీ గిరుక్కున తిరిగి, దానికి వీపులు పెట్టి నిలబడ్డాయి. మొగలి అయితే వాగులోకి దిగి మరీ అవతలి ఒడ్డుకేసి మొహం తిప్పుకుంది.

రాతిమడుగులో నీళ్లు ఎత్తయిన బండల మధ్య ఉండేవి. వెనక నుంచి ఏ జంతువూ వచ్చే వీలుండేది కాదు. అక్కడ అందరూ ఎదురెదురుగా నిలబడి, కబుర్లు చెప్పుకుంటూ తాగేవారు. వీపు తిప్పడమంటే 'నువ్వు మాకొద్దు' అనడమే. చిటికె తాగకుండానే పక్కకు తప్పుకుంది. అడిగితే తెలిసేది. అది అడగలేదు.

మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు దారిలో గుంటనక్క ఎదురైంది.

"అయ్యో చెల్లీ, ఎంత చిక్కిపోయావు!"

అమ్మ తర్వాత ఆ మాట అన్నది అదొక్కటే. చిటికె ఉన్నదంతా చెప్పేసింది.

"వీపులు చూపించాయా? ఎంత పొగరు! అవతలి ఒడ్డుకు రా. నువ్వు తాగినంతసేపూ నీ మొహమే చూస్తూ కూర్చుంటాను" అంది నక్క.

'ఒంటరి నక్క నన్నేం చేస్తుందిలే' అనుకుని చిటికె వెళ్లింది. తల వంచి తాగసాగింది. నక్క రెప్ప వేయకుండా దాన్నే చూస్తోంది. ఆకు కదిలినా చెవి రిక్కించదు. పొదలవైపు ఒక్కసారీ తిరగదు.

'అడవిలో ఉండి దీనికి దేన్ని చూసినా భయం లేదేం?' అనుకుంది చిటికె. దానికి పుట్టిన అనుమానాలన్నిటిలో నిజమైనది అదొక్కటే.

"చిటికే! దూకు! నీ వెనక పొదలో ఇంకో రెండున్నాయి!"

ఇవతలి ఒడ్డు దగ్గర, వాగులో నిలబడి, మొగలి అరుస్తోంది. చిటికె నీళ్లలోకి దూకింది. పొదలోని నక్కలు ఎగబడ్డాయి. ఒకదాని పంటికి చిక్కి చిటికె చెవి కొస తెగిపోయింది. దుప్పులన్నీ గిట్టలు తాటిస్తూ వాగులోకి దిగేసరికి నక్కలు తోక ముడిచాయి.

ఒడ్డెక్కగానే చిటికె అడిగింది. "మరి మీరు నాకు వీపెందుకు తిప్పారు?"

అన్నీ దాని మొహంకేసి వింతగా చూశాయి.

"తల వంచినవాళ్లకు అడవి కనబడదు కదా!" అంది రేగు. "నీ బదులు మేం చూడొద్దూ?"

"నీ అందం చూస్తూ నిలబడితే పులి ఆగుతుందా?" అంది మొగలి.

ఈసారి చిటికె కూడా నవ్వింది. మర్నాడు చిగుళ్లు వాసన చూడకుండానే తినేసింది. రేగు నీళ్లకు తల వంచగానే తను గిరుక్కున వెనక్కి తిరిగి, తెగిన చెవి రిక్కించి నిలబడింది.

నీతి: మన కోసం నాలుగు దిక్కులూ చూసేవాడు స్నేహితుడు, మన మొహమే చూస్తూ కూర్చునేవాణ్ని అనుమానించాలి. ఏది ఎందుకో తెలియకపోతే, నొచ్చుకునే ముందు అడగాలి. మీ తరగతిలోకి ఎవరైనా కొత్తగా వస్తే ఈ కథ చెప్పండి పిల్లలూ, పక్కన కాస్త చోటిచ్చి మరీ చెప్పండి.