ఆరుగురి తొట్టి

కొండవలస జమీందారుకి స్నానానికి వేణ్ణీళ్లు కాచేది నూకాలు. ఒకనాడు రేవు వర్తకుడొకడు గదంత రాగి తొట్టిని బండి మీద తెచ్చాడు.

"కింద పొయ్యి ఆరకుండా మండితే చాలు. ఆరుగురు మెడలోతు వేడినీళ్లలో కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు దొరా!" అన్నాడు.

దొర మురిసిపోయి, కట్టెలకి ఊరి చింతతోపు కొట్టించమన్నాడు. తోపు పోతే ఊళ్లో చారుకి చింతపండే ఉండదు. నూకాలు వినయంగా అడిగింది.

"తమతో కూర్చునే ఆ అయిదుగురూ ఎవరో సెలవిస్తే, వాళ్లకి పడే వేడిలో నీళ్లు కాస్తాను దొరా."

దొర పక్కనే నిలబడ్డ దివాను వైపు చూశాడు. ముప్పై ఏళ్లుగా దొర ముందు కూర్చుని ఎరగని దివాను కంగారుగా రెండడుగులు వెనక్కి వేశాడు. తమ్ముళ్లిద్దరితోనూ దొరకి మాటల్లేవు. తాను ఎన్నడైనా కూర్చోమన్న మనిషి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

దొర నూకాలు వైపు తిరిగి, "మీ ఇంట్లో తొట్టి ఎంతుంటుందే?" అన్నాడు.

"తొట్టెక్కడిది దొరా, ఒక్క కాగుంది. వంతు కోసం దాని చుట్టూ రోజూ తొమ్మిదిమందిమి కొట్టుకుంటాం."

దొర బండిని వెనక్కి తిప్పమన్నాడు. తర్వాత, దివానుకి కుర్చీ తెమ్మన్నాడు.