ఉయ్యాల రోజు అప్‌డేట్

పిల్లలూ, కాస్త దగ్గరికి జరగండి. ఆ నరసింహస్వామిని తలుచుకుని మొదలుపెడుతున్నాను.

అనగనగా ఏటికి ఇవతల ఒక అడవి. ఆ అడవిలో ఒక అలుగు. ఒళ్లంతా పొలుసులు కదా, పేరు పొలుసయ్య. పేరైతే ఉంది గానీ పిలిచేవాళ్లేరీ? ఉన్న ఒక్క చెల్లెలు చిట్టెమ్మ ఏటికి అవతల ఉండేది. పొలుసయ్యకు తోడు ఒక కంప్యూటరే.

అందులో కంప్యూటర్‌ను నడిపించే లైనక్స్ ఉంది. అదీ రోలింగ్ రకం. అంటే ఏ రోజు తయారైన కొత్త ముక్క ఆ రోజే వచ్చి చేరుతుంది. పొద్దున లేవగానే పొలుసయ్య అప్‌డేట్ నొక్కేవాడు. "నీకు ముప్పై కొత్తవి వచ్చాయి" అని అతనితో చెప్పేది లోకంలో అదొక్కటే మరి!

పక్క బొరియలో కూర్మవ్వ అనే తాబేలు ఉండేది. ఆమెదీ లైనక్సే, కానీ రెండేళ్లకోసారి మారే రకం.

"ఏం అవ్వా, ఇంకా ఆ పాత చింతకాయ పచ్చడేనా?" అనేవాడు పొలుసయ్య.

"పాతదైనా తెల్లారితే లేస్తుంది నాయనా. నీది లేచిందా ఈ పూట?" అనేది అవ్వ.

ఒక అప్‌డేట్‌తో బొమ్మలు అద్దంలా మెరిశాయి. పొలుసయ్య మురిసిపోయాడు. ఇంకో అప్‌డేట్‌తో పాటలు మూగబోయాయి. మూడు గంటలు కుస్తీ పట్టి బాగుచేసుకున్నాడు. దానికీ మురిసిపోయాడు.

ఇంతలో వానలొచ్చి ఏరు పొంగింది. చిట్టెమ్మకు పాప పుట్టింది.

"అన్నయ్యా, శుక్రవారం పది గంటలకు ఉయ్యాల. పేరు ముందు మేనమామే పిలవాలి. ఏరు దాటలేవుగా, కంప్యూటర్లో కనబడు. దాని మొహం చూస్తూ పిలువు" అని కంప్యూటర్లోనే కబురంపింది.

శుక్రవారం పొలుసయ్య తలారా స్నానం చేశాడు. దేవుడికి దణ్ణం పెట్టాడు. 'పాప ఇంకా బాగా కనబడాలి' అనుకుని అప్‌డేట్ నొక్కేశాడు. ఆ లైనక్స్ తయారుచేసేవాళ్లు ఆ రోజు ఒక హెచ్చరిక పెట్టారు: 'ముందు ఈ చిన్న మార్పు మీరే చేసుకోండి, లేదంటే తెర వెలగదు.' అతను చదవలేదు.

తెర నల్లబడింది. అప్పటికి తొమ్మిదిన్నర.

పొలుసయ్య పడుతూ లేస్తూ కూర్మవ్వ దగ్గరికి పరుగెత్తాడు. అవ్వ ఒక్క మాట దెప్పలేదు.

"కూర్చో నాయనా. కానీ దీంట్లో బొమ్మ రాదురా. చిట్టెమ్మ వాడే కొత్త పద్ధతి నా పాతదానికి ఇంకా రాలేదు. మాట మాత్రం వినబడుతుంది."

పది కొట్టింది.

"అన్నయ్యా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా." గొంతు సవరించుకున్నాడు. "వకుళా! వకుళా! వకుళా!"

అవతల ఒక్కసారిగా నవ్వులు.

"చూశావా అన్నయ్యా, నీ గొంతు వినగానే ఎలా నవ్విందో!"

పొలుసయ్య ఖాళీ తెర వంక చూశాడు. "చూశానమ్మా" అన్నాడు.

కూర్మవ్వ రెండు నేరేడు పళ్లు అతని ముందుకు జరిపింది.

పొద్దువాలేసరికి అతని కంప్యూటర్ బాగైంది. ఆ హెచ్చరిక ఎంతో తెలుసా పిల్లలూ? నాలుగే నాలుగు వరుసలు! తెర ఎప్పుడూ లేనంతగా మెరిసింది. అందులో ఎవరూ లేరు.

పొలుసయ్య ఆ రకాన్ని వదల్లేదు. కొత్తదంటే అతనికి ప్రాణం. కానీ ఇప్పుడు ముందు హెచ్చరిక చదువుతాడు. చెడితే వెనక్కి పోవడానికి పాతదాని నకలు దాచుకుంటాడు. చిట్టెమ్మ పిలిచే రోజున మాత్రం అప్‌డేట్ జోలికే పోడు.

నీతి: రోజూ కొత్తదనం కోరేవాడు రోజూ జాగ్రత్తపడాలి; మనవాళ్లు ఎదురుచూసే రోజున, నడుస్తున్నదాన్ని కదపకూడదు.