కుడిచేతి ముద్ద

ఎముకల వైద్యుడు విరూపాక్షం గారికి ఒక మొండి పట్టుదల ఉండేది. విరిగిన చెయ్యి గల మనిషి ఎదురుగా లేకుండా ఆ చేతి సంగతి మాట్లాడేవారు కాదు.

శిష్యుడు ధనుంజయకు ఆ రోజు కాలు ఒకచోట నిలవలేదు. మిరపకాయల తొడిమలు తీసే సైదమ్మ రెండు రోజుల కిందట జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మర్నాడు పొద్దున ఆపరేషన్. గురువు తోడు లేకుండా అతను చేయబోయే మొదటిది. చెయ్యి తప్పితే పోయేది ఆమె బతుకు.

"తీగలు గుచ్చి ఆరు వారాలు సిమెంటు కట్టు వెయ్యనా, కోసి ఎముకకు ప్లేటు బిగించి రెండు వారాలకే చెయ్యి వాడుకోనివ్వనా? ఏడాది తిరిగేసరికి రెండూ ఒకటేనని పుస్తకాలు అంటున్నాయి. ఎలా తేల్చుకోనండీ?" అని అడిగాడు.

గురువుగారు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. అతని కుడిచేతికే వేళ్ల మొదళ్ల నుంచి మోచేతి దాకా సిమెంటు కట్టు వేసి, వార్డుకు తీసుకుపోయారు.

మధ్యాహ్నం భోజనాల వేళ. కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని సైదమ్మ కూర్చుని ఉంది. ఎదుట పప్పన్నం చల్లారిపోయింది.

"తినలేదేమమ్మా?" అన్నాడు ధనుంజయ.

"ఎడంచేత్తో తినమంటావా సారూ? సచ్చినా తినను."

"స్పూను ఉందిగా!"

గురువుగారు ఇంకో కంచం తెప్పించి శిష్యుడి ముందు పెట్టారు. అతను ఎడంచేత్తో స్పూను ఎత్తాడు. అన్నం చొక్కా మీద పడింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ పడింది.

సైదమ్మ పకపకా నవ్వింది. "అయ్యో, ఈ సారుకే చాతగాలా! నాకు చెప్పొచ్చాడు!"

ధనుంజయ నవ్వలేకపోయాడు. "ఇంటి దగ్గర నీకు ఎవరున్నారు?" అని అడిగాడు. రెండు రోజులుగా ఆమె ఎక్స్‌రేలు చూస్తున్నాడు గానీ, ఆ మాట అడగడం అదే మొదలు.

"నేనే," అంది సైదమ్మ. నవ్వు ఆగిపోయింది.

విరూపాక్షం గారు చెయ్యి కడుక్కుని, ఆమె కంచంలో అన్నం కలిపి ముద్ద అందించారు. ఆమె సిగ్గుపడి మొహం తిప్పుకుంది. ఆకలి ఆగక నోరు తెరిచింది. ఆమె తిన్నాక ఆయన మళ్లీ చెయ్యి కడుక్కుని, శిష్యుడి కంచం దగ్గరికి లాక్కున్నారు. ముప్పై ఏళ్లవాడు వార్డంతా చూస్తుండగా నోరు తెరిచాడు.

"అయితే... ప్లేటేనాండీ?" అన్నాడు నోట్లో ముద్దతోనే.

"తొందరేముంది, నమలవయ్యా," అన్నారు గురువుగారు. "ఈ పూటకు నేనున్నాను."