గొబ్బూటమ్మ ముళ్ళకోట

కొండ దిగువన రోడ్డు మలుపు తిరిగే చోట బస్సు దిగి, జొన్నచేల గట్టు వెంట అరమైలు నడిస్తే గొబ్బూటమ్మ సన్నిధి చేరుతారు. గోపురం కోసం వెతక్కండి, లేదు. ఉన్నదల్లా నులకమంచమంత ఊట, దాని చుట్టూ నడుమెత్తున పెరిగిన నీరుగొబ్బి పొదలు, వాటి నడుమ పసుపు పూసిన నల్లరాయి. కార్తీకం వచ్చేసరికి పొదలు కణుపు కణుపునా ఊదారంగు పూలు తొడుగుతాయి. పూల పక్కనే అంగుళం పొడవు ముళ్ళు.

వైద్యులు కోకిలాక్షమని పిలిచే మొక్క ఇదే. తడి ఉన్నచోటే బతుకుతుంది. ముళ్ళు లేని దీని తోబుట్టువులు దిగువ వరిమడుల్లో కనిపిస్తాయి. వాటిని ఎవరైనా పీకవచ్చు. తల్లి చుట్టూ ఉన్న ముళ్ళగొబ్బి దరిదాపులకు మాత్రం కొడవలి రాకూడదు. ఆ కట్టుబాటు వెనుక పెద్దలు చెప్పుకునే కథ ఇది.

పూర్వం ఇక్కడ గొల్లవారివి ఇరవై గడపలు ఉండేవి. ఊరంతటికీ ఈ ఊటే ఆధారం. ముళ్ళపొదల్లో ఒక మనిషి పట్టేంత సందు ఉండేది. అందులోంచి కుండతో తోడి, బయట రాతితొట్టిలో పోస్తేనే గొడ్లకు నీళ్ళు. ఎల్లమంద అనే గొల్లవాని తల్లి పేరమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ పని ఆమెదే. కూనిరాగం తీస్తూ, గేదెలను పేరుపేరునా తిడుతూ తోడిపోసేది. "ఒసే కర్రిదానా, నీది కడుపా చెరువా!" అని ఆమె అరుస్తుంటే దారినపోయేవాళ్ళు ఆగి మరీ నవ్వుకునేవారు. ఎంత చల్లని రోజులవి! ఇప్పటికీ మా పెద్దవాళ్ళకు ఆమెను తలచుకుంటే మొహం విప్పారుతుంది.

పేరమ్మ కాలం చేశాక ఆ పని ఎల్లమంద మీద పడింది. నలభై గేదెలకు తోడిపోసేసరికి అతనికి తల ప్రాణం తోకకు వచ్చేది. ఒకనాడు విసుగెత్తి, "ఈ ముళ్ళే లేకుంటే గొడ్లే దిగి తాగుతాయి గదా! ఇంత చిన్న ఉపాయం అమ్మకు తట్టలేదే" అనుకుని, కొడవలి పట్టి పొదలన్నిటినీ మొదలంటా నరికేశాడు. గొడ్లు బిలబిలా దిగి కడుపునిండా తాగాయి. ఊరంతా భేష్ అంది. అతని భార్య గురవమ్మ కూడా ఆ రోజు మురిసిపోయింది.

రెండు నెలలు గడిచాయి. గిట్టల కింద గట్టు విరిగింది. గొడ్లు పొర్లి పొర్లి ఊట కన్ను బురదతో పూడిపోయింది. ఎండలు ముదిరేసరికి ఆ బురద కూడా బీటలు తీసింది. గడ్డపారలతో ఎంత తవ్వినా చుక్క పడలేదు. గొడ్లను ఆపింది ఆ ముళ్ళేనని, గట్టును పట్టి ఉంచింది ఆ వేళ్ళేనని అప్పుడు తెలిసొచ్చింది. పెద్దలు కూర్చుని, ఇక ఏటి ఒడ్డుకు వలస పోవడమే దారి అని తేల్చారు. ఎల్లమందను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా అతని ప్రాణానికి హాయిగా ఉండేది.

బండ్లు కట్టిన రోజున గురవమ్మ, "రావయ్యా, పోదాం" అని చెయ్యి పట్టి లాగింది. "మా అమ్మను పూడ్చిన నేల ఇది. దీన్ని ఎండగట్టింది నేను. ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు? నువ్వు పోవే" అన్నాడతను. ఆమెకు అప్పుడు ఆరో నెల. నీళ్ళు లేనిచోట ఉండలేక, కళ్ళు తుడుచుకుంటూ చివరి బండి ఎక్కింది.

బండ్లు కనుమరుగయ్యాక ఎల్లమంద ఎండిన ఊటలోనే కూలబడ్డాడు. మిట్టమధ్యాహ్నపు ఎండకు సొమ్మసిల్లినట్టు నిద్ర పట్టింది. ఆ నిద్రలో ఊదాచీర కట్టిన ఇల్లాలు కనబడింది. నుదుట కుంకుమ ఉంది గానీ ముంజేతులు గాజుల్లేక బోసిగా ఉన్నాయి. "ఇనుము ముట్టకు నాయనా. నా వేరొకటి ఇంకా చావలేదు. అది పోయిన దారినే చేతులతో తవ్వు. ఈసారి నన్ను నరకవు గదా?" అని అడిగింది.

ఎల్లమంద ఉలిక్కిపడి లేచాడు. మోకాళ్ళ మీద పాకుతూ వెతికితే ఒక బీటలో జానెడు గొబ్బిమోడు, దానికి రెండు పచ్చని ముళ్ళు కనబడ్డాయి. వేరు వెంబడి ఉత్త చేతులతోనే మట్టి తోడాడు. గోళ్ళు చిట్లాయి, ముళ్ళు దిగి అరచేతులు నెత్తురోడాయి. మూరెడు లోతున నల్లరాయి తగిలింది. దాని పక్కన మట్టి చల్లగా ఉంది. "అమ్మా!" అని బావురుమని, ఆ మట్టిని పిడికిట పట్టుకుని బండ్ల వెంట పరుగెత్తాడు.

రెండు మైళ్ళ అవతల అందుకున్నాడు. "ఊట బతికే ఉంది! వెనక్కి తిప్పండి!" అని కేకలు వేశాడు. పాపం, దిగులుతో మతి చలించిందనుకున్నారు. ముందు బండ్లు ఆగనే లేదు. గురవమ్మ మాత్రం బండి మీద నుంచే వంగి అతని పిడికిలి విప్పదీసింది. నెత్తుటి తడేమోనని మట్టిని చిదిమి చూసింది. నెత్తురు పైపైనే ఉంది. లోపలి మట్టి నల్లగా, చల్లగా ఆమె వేళ్ళకు అంటుకుంది. ఆమె ఇంకేమీ అడగలేదు. పొట్ట పట్టుకుని మెల్లగా బండి దిగి, వచ్చిన దారినే నడక మొదలుపెట్టింది. అది చూసి ఒక్కొక్క బండీ ఆగింది. ఊరంతా తిరిగొచ్చి ఆ రాయి పక్కన చేతులతోనే తవ్వితే ఊట మళ్ళీ ఊరింది, ఆ తొలి నీళ్ళతో గురవమ్మ అతని అరచేతులు కడిగింది, గొబ్బిమోడు చిగిర్చి మళ్ళీ ముళ్ళకోట కట్టింది.

ఆ నల్లరాయే నేటి గొబ్బూటమ్మ. ఇక్కడ తీర్థం పోయరు. మాఘమాసపు ఆదివారాల్లో పూజారి ఊట అంచు నుంచి తడిమట్టి తీసి భర్త చేతిలో పెడతాడు. అతడు దాన్ని పిడికిట పట్టి తెచ్చి భార్య చేతికి అందించాలి. ఆమె ఏమీ అడగకుండా అందుకుని, తన చేతులతో అతని అరచేతులు కడుగుతుంది. బతుకుతెరువుకు ఊళ్ళు వదిలినవారు, మనసులు విరిగిన ఆలుమగలు దూరాభారమనుకోక వస్తారు. వారి కాపురాల్లో తల్లి చల్లదనం నింపుతుందని భక్తుల నమ్మకం. చేతులు కడిగించుకునే వేళ చాలామంది మగవారికి ఏడుపు ఆగదు. సిగ్గుపడనక్కర లేదు, తల్లికి అలవాటే.