మెట్టెలు లేని పాదం

“ఇయి నా సాక్సులు కావు! ఏ చిన్నదాని కోసం అల్లినావో, పోయి దానికే తొడుగు!”

మంచులోంచి వచ్చిందా కేక. ఆ కొండమీది ఊళ్ళో మార్గశిర మాసమంటే మాటలా మరి! పొద్దెక్కినా పక్కిల్లు పక్కింటికి కనబడదు. మనుషులకంటే ముందు వాళ్ళ మాటలే వీధిలో నడిచి వచ్చేస్తాయి. వీధి కొసన ఆశ్రమం అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న పెద్దస్వామి చెవిన కూడా ఆ కేక పడింది. ఆయన చెయ్యి మాత్రం ఆగలేదు.

సరిగ్గా అప్పుడే ఆయన శిష్యుడు త్రినాథ ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

“గురువుగారూ, ఇన్నేళ్ళుగా కళ్ళు మూసుకుని అమ్మవారి పాదాలనే ధ్యానిస్తున్నాను. ప్రతి గోరూ, ప్రతి గీతా కనిపిస్తుంది. పారాణి తడి కూడా ఆరినట్టుండదు. అయినా నా ధ్యానం అక్కడికి చేరడం లేదనే అనిపిస్తోంది. లోపం ఎక్కడుంది?”

ఇదేదో ఊసుపోక అడిగింది కాదు. ఇవాళ కూడా సమాధానం దొరక్కపోతే మూట కట్టుకుని కొండ దిగిపోదామని త్రినాథ లోలోపల నిశ్చయించుకునే అడిగాడు.

పెద్దస్వామికి ఒక అలవాటుంది. ప్రశ్న వినగానే లేచి ఎటో నడుస్తాడు. అడిగినవాడు వెంట నడవాలి. ఇప్పుడూ అంతే చేశాడు. “కూర్మారావు ఇంటికి మనల్ని భోజనానికి పిలిచారు కదా, పద నాయనా,” అంటూ చిక్కుడుకాయల బుట్ట చంకన పెట్టుకుని మంచులోకి దిగాడు.

కేక వచ్చింది కూడా ఆ ఇంట్లోంచే. కూర్మారావు కాఫీతోటలో మేస్త్రీగా చేసి మానుకున్న మనిషి. ఆ రోజు ఆయన భార్య వరహాలమ్మ పుట్టినరోజు. చలికాలంలో స్వెట్టర్లు అమ్ముకోవడానికి వచ్చే నేపాలీ ఆమె దగ్గర బతిమాలి ఆయన అల్లిక నేర్చుకున్నాడు. భార్యకు తన చేత్తో అల్లిన మేజోళ్ళు ఇవ్వాలని ఆశ. ఇంట్లో అల్లితే గుట్టు రట్టవుతుంది కనుక ఆశ్రమం అరుగే ఆయన కార్ఖానా అయింది.

ఆ అరుగుకి ఒక కొసన త్రినాథ ధ్యానం, రెండో కొసన కూర్మారావు అల్లిక. పాలమీగడ రంగు ఊలు. చూసేవాళ్ళకి ఆయన మంచునే పోగుతీసి అల్లుతున్నాడా అనిపించేది. కొలత మీద అనుమానం వస్తే ఆయన కూడా కళ్ళు మూసుకునేవాడు. ఖాళీ అరచెయ్యి ముందుకు చాచి, అందులో ఏదో బరువు ఆనినట్టు కాసేపు ఉండి, చిన్నగా నవ్వుకుని మళ్ళీ సూదులు అందుకునేవాడు. రోజూ ఆశ్రమానికి పాలచెంబు తెచ్చేది వరహాలమ్మే. ఆవిడ అడుగుల చప్పుడు వినగానే ఊలు కాస్తా కంబళి కింద దూరేది, కూర్మారావు దొంగజపం మొదలెట్టేవాడు. త్రినాథ సరే, ఎలాగూ కళ్ళు తెరవడు. ఆవిడ ఇద్దరి మధ్యా చెంబు పెట్టి, వచ్చినదారినే వెళ్ళిపోయేది.

వీళ్ళు వెళ్ళేసరికి వరహాలమ్మ గడపలో నిలబడి ఉంది. ఒక మేజోడు సగం పాదం దాకా ఎక్కి బిగుసుకుపోయింది. ఊలు మెట్టెకు పట్టుకుని పోగు బారెడు బయటికి వచ్చేసింది. తోటలో అంతమంది కూలీలను అదిలించిన కూర్మారావు, రెండో మేజోడు చేత్తో పట్టుకుని గోడకు అతుక్కుపోయి ఉన్నాడు.

“మీరే చూడండి స్వామీ! మడమ దాకా అయినా ఎక్కలేదు. ఇది నా కాలి కొలతేనా? ఏ పదహారేళ్ళ పిల్లదో!”

“నీదేనే వరాలూ, నీ మీదొట్టు!”

“నా కాలు నువ్వెప్పుడు కొలిచినావు?”

కూర్మారావు తల వంచుకున్నాడు. “పెళ్ళిలో, సన్నికల్లు తొక్కించినప్పుడు,” అన్నాడు.

మంచు కూడా వినడానికి ఆగినట్టుంది. ఆయన అరచెయ్యి మళ్ళీ చాచాడు. “నీ మడమ ఇక్కడ ఆనింది. బొటనవేలు ఇదిగో, మణికట్టున ఈ తాడు కట్టుకున్న చోటికి వచ్చింది. మెట్టెలు తొడగడానికి ముందు కాసేపు అలాగే పట్టుకున్నాను. పంతులుగారు కసిరారు కూడా. ఆ కొలత ఇంకా నా చేతిలోనే ఉంది.”

“తొడిగాక మళ్ళీ చూడలేదా, కూర్మయ్యా?” అని పెద్దస్వామి మెల్లగా అడిగాడు.

కూర్మారావు చాచిన అరచేతి వంక చూసుకున్నాడు. వరహాలమ్మ కోపం ఎటు పోయిందో ఆవిడకే తెలియలేదు. గడపమీద కూలబడి కాలు చాచింది.

“ఇదిగో. ఇప్పుడు చూడు.”

ఆయన కింద కూర్చుని పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మడమ పగుళ్ళు, కాఫీతోట ముళ్ళ మచ్చలు, వెడల్పయిన వేళ్ళు, అరిగి సన్నబడిన మెట్టెలు. ఆయన ముఖం కొత్తగా ఒక ఊరికి వచ్చినవాడి ముఖంలా ఉంది.

“ఇంత చల్లగా ఉందేటే?”

“ఎప్పుడూ ఇంతే.”

“మరి చెప్పలేదేటి?”

“పట్టుకున్నావా, చెప్పడానికి?”

కూర్మారావు మెట్టెకు పట్టుకున్న పోగును నెమ్మదిగా విడిపించి, మేజోడు తీసి, అక్కడికక్కడే విప్పడం మొదలెట్టాడు. విప్పిన ఊలు పాత మెలికలు వదలకుండా ఆయన ఒళ్ళో నురగలా పోగయింది. “ఈసారి ముందు వేళ్ళ దగ్గర తెరిచే ఉంచుతాను, మెట్టెలకి అడ్డం లేకుండా,” అని రెండోదాని కోసం చెయ్యి చాచాడు. వరహాలమ్మ అది చటుక్కున లాక్కుని కొంగులో దోపుకుంది.

“ఇది విప్పొద్దు.”

“నీకు పట్టదు కదే?”

“పట్టకపోతే ఏం? ఆ పిల్లదిలే. దాచిపెడతాను,” అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసి, పొయ్యి మీద పరమాన్నం గుర్తొచ్చి లోపలికి పరుగెత్తింది.

చిక్కుడుకాయ కూర కూడా ఉడికాక అడ్డాకుల విస్తళ్ళు పడ్డాయి. వరహాలమ్మ వేడివేడిగా వడ్డిస్తోంది. పొగమంచూ అన్నం ఆవిరీ కలిసి గదంతా కలలో ఉన్నట్టుంది. త్రినాథ తన అలవాటు ప్రకారం, తినేముందు అమ్మవారి పాదాలకు నివేదించడానికి కళ్ళు మూసుకున్నాడు.

“కళ్ళు తెరువు నాయనా,” అన్నాడు పెద్దస్వామి. “ఆవిడ ఇంకా నిలబడే ఉంది.”

త్రినాథ కళ్ళు తెరిచాడు. విస్తరికి అవతల, చల్లటి నాపరాళ్ళ మీద రెండు పాదాలున్నాయి. ఒక మెట్టెకు పాలమీగడ రంగు నూగు ఇంకా అంటుకునే ఉంది. రోజూ అరుగు దాకా వచ్చి వెళ్ళిన పాదాలు. అతను లేచి, తను కూర్చున్న కంబళిని తీసి కూర్మారావు పక్కన పరిచాడు. ఇంకో విస్తరి వేశాడు. “అయ్యో, నేను తరవాత తింటాను బాబూ,” అని వరహాలమ్మ వెనక్కి తగ్గింది. కూర్మారావు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. ఆవిడ ముడుచుకుని కూర్చుని, పాదాలు కంబళి మడతలోకి దోపుకుంది. త్రినాథ వట్టినేల మీదే కూర్చున్నాడు.

పెద్దస్వామి అందరినీ ఒకసారి కలియజూసి, విస్తరి దగ్గరికి లాక్కున్నాడు.

“అయింది త్రినాథా, నైవేద్యం. ఇక తిందాం.”