ఒక్క గోలెంలో ఆరు మొక్కలు

అనగా అనగా, రాజులకి కోపం ఎక్కువా తీరిక తక్కువా అయిన రోజుల్లో, తామ్రపురి అనే రాజ్యం ఉండేది. దాన్ని ఉదయవర్మ ఏలేవాడు. అక్కడ జరిగిన సంగతి ఒకటి చెబుతాను, వినండి. నేను మొదటిసారి విన్నప్పుడు నోరు తెరిచి, మూయడం మరిచిపోయాను.

రాజుగారి తల్లి హేమాంబకి ఎముకల జబ్బు. మోకాళ్లలోనూ నడుములోనూ నిప్పులు పోసినట్టు నొప్పి. కూర్చోలేదు, పడుకోలేదు. ఆస్థాన వైద్యుడు సుశర్మ కాచని కషాయం లేదు, పట్టించని తైలం లేదు. చివరికి ఒక్కటే పనిచేసింది. గంజాయి ఆకుని పాలలో ఉడికించి, ఆవునేతిలో కాచి, ఆ నెయ్యి మిరియపు గింజంత నాలుక మీద పెడితే ఆ తల్లికి కాస్త కునుకు పట్టేది.

గంజాయా అని ఉలిక్కిపడకండి. తెలిసిన వైద్యుడి చేతిలో అది మందు. తెలియనివాడి చేతిలో మనిషిని తినేసే మత్తు. ఈ సంగతి తామ్రపురి వాళ్లకి బాగా తెలిసొచ్చింది. అంతకు ముందు ఆ మొక్కలు రాజుగారి తోటలో ఆరుబయటే పెరిగేవి. కోట కావలి భటులు గుట్టుగా ఆకు కోసుకుపోయి పొగ తాగారు. తాగి, కోట తలుపులు బార్లా తెరిచిపెట్టి, గుమ్మంలోనే గుర్రుపెట్టి నిద్రపోయారు. లేచి చూసుకుంటే రాజుగారి గుర్రాల్లో ఒక్కటీ లేదు. దొంగలు కళ్లేలతో సహా తీరిగ్గా తోలుకుపోయారు.

రాజు ఆ మొక్కలన్నీ పీకించి పాతరేయించాడు. ఆపైన ఒక శాసనం వేయించాడు. ఇకమీదట రాజ్యం మొత్తానికి గంజాయి ఒకే ఒక్క గోలెంలో పెరగాలి. ఆ గోలెం వైద్యశాల లోపలి గదిలో ఉండాలి. ఆ గదికి ఒకటే కిటికీ, ఒకటే తాళం. తాళంచెవి మాత్రం నాంచారి బొడ్లో ఉండాలి.

నాంచారి వైద్యశాలలో మందు మొక్కలు పెంచే మనిషి. అక్షరం ముక్క రాదు గానీ, ఆకు వాలిన తీరు చూసి మొక్కకి దాహమో జబ్బో చెప్పేసేది. ఆమె మోకాలెత్తు మట్టి గోలెం తెచ్చింది. జల్లించిన మట్టి నింపింది. జానెడు ఎడంగా రెండే రెండు గింజలు పెట్టింది. రెండూ మొలిచి, కిటికీలోంచి వచ్చే ఎండ చెరిసగం పంచుకుని, నవనవలాడుతూ పెరిగాయి. సుశర్మ మొదటి కోత ఆకుతో ఒక జాడీ నెయ్యి కాచాడు. రాజమాత చాలా కాలానికి కంటినిండా నిద్రపోయింది.

ఇక్కడితో ఆగితే ఇది కథ అయ్యేది కాదు.

తామ్రపురిలో ఒక వింత ఆచారం ఉండేది. రాజకుటుంబంలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా, కొలువులోని పెద్దలు తలా ఒక సేవ చేసి, దాని పక్కన తమ పేరు రాసిన చెక్క పలక వేలాడదీయాలి. పున్నమి పున్నమికీ ఆ పలకలు నిండు కొలువులో చదివేవారు. పేరు వినబడనివాడు నలుగురిలో తలెత్తుకోలేకపోయేవాడు. సేవ ఎలా ఉన్నా ఫరవాలేదు, పలక మాత్రం ఉండాలి. ఇంత తెలివితక్కువ ఆచారం మరెక్కడా ఉండదని నా నమ్మకం.

రాజమాతకి నిద్ర పడుతోందని మంత్రి దీర్ఘదర్శి విన్నాడు. ఆ పుణ్యం ఒక తోటపనిమనిషి ఖాతాలో పడిపోతోందని ఆయనకి నిద్ర పట్టలేదు. వైద్యుణ్ణి అడిగి గింజ తీసుకున్నాడు, మొలక కట్టించాడు, వెండి పళ్లెంలో పెట్టి మేళతాళాలతో వైద్యశాలకి వచ్చాడు. శాసనం ప్రకారం గోలెం ఒకటే కాబట్టి అందులోనే నాటమన్నాడు.

చోటు లేదని నాంచారి చెప్పింది. మంత్రి రెండు మొక్కల మధ్య ఖాళీగా కనబడుతున్న మట్టి చూపించి, మరి ఇదేమిటని అడిగాడు.

“అది వేళ్ల చోటు బాబూ. పైకి కనబడదు గానీ కింద నిండిపోయుంది,” అంది నాంచారి.

మంత్రి నవ్వి, కనబడని దాని గురించి కొలువులో ఎవరూ అడగరని చెప్పి, మొలక నాటించి పలక కట్టించి వెళ్లాడు.

మరుసటి వారం సేనాపతి రణభీముడు వచ్చాడు. మంత్రి మొక్క కంటే తన మొక్క జానెడు ఎత్తు పెరగాలన్నాడు. నాంచారి వద్దంటున్నా వినకుండా ఒక గంపెడు పచ్చి గుర్రపు పేడ గోలెంలో గుమ్మరించాడు. ఆ తరవాత పురోహితుడు సోమయాజి వచ్చాడు. తన మొక్క మంత్రించిందన్నాడు. రోజూ అభిషేకం జరగాలన్నాడు. అలా రెండు కాస్తా అయిదయ్యాయి.

పున్నమి కొలువులో పలకలు చదివారు. మంత్రి పేరు వచ్చింది, సేనాపతి పేరు వచ్చింది, పురోహితుడి పేరు వచ్చింది. రాజు ముఖం మాడిపోయింది. కన్నకొడుకుని నేనుండగా నా పేరేదీ అని మర్నాడే వచ్చి, గోలెం నట్టనడుమ తన మొక్క నాటించాడు. దానికి బంగారు పొన్ను తొడిగిన ఊతకర్ర పెట్టించాడు. రాజుని వద్దనేవాళ్లెవరు? మూరెడు గోలెంలో ఆరు మొక్కలయ్యాయి.

ఇక రోజూ పొద్దున్నే నలుగురు పెద్దమనుషులూ నాలుగు చెంబులతో తయారు. ఎవరి మొక్క మొదట్లో వాళ్లు పోసుకునేవారు. మొక్కలు వేరే గానీ మట్టి ఒకటే కదా. గోలెం వరిమడి అయిపోయింది. కిటికీ ఎండ కోసం మంత్రి గోలెం తనవైపు తిప్పేవాడు. ఆయన గడప దాటగానే సేనాపతి తనవైపు తిప్పేవాడు. ఆ తరవాత పురోహితుడు. ఆ గోలెం పడిన బాధ ఊళ్లో గానుగెద్దు కూడా పడి ఉండదు.

ముందు కింది ఆకులు పసుపురంగుకి తిరిగాయి. తరవాత గదిలో మురుగు వాసన మొదలైంది. ఆ తరవాత ఒక పొద్దున చూస్తే ఆకులన్నింటి మీదా పిండి చల్లినట్టు బూడిద తెగులు. సుశర్మ ఒక ఆకు తుంచి చూసి నిలువునా నీరైపోయాడు. తెగులు పట్టిన ఆకు మందుకి పనికిరాదు, పెడితే జబ్బు ముదురుతుంది. జాడీ వంచి చూస్తే పదిరోజుల నెయ్యి మిగిలింది.

నాంచారి పరుగున మంత్రి దగ్గరికి వెళ్లింది. రెండు మొక్కలుంచి తక్కినవి తీసేస్తే ఇప్పటికైనా గండం గడుస్తుందని చెప్పింది. మంత్రి సరేనన్నాడు, సేనాపతిది పీకెయ్యమన్నాడు. సేనాపతి దగ్గరికి వెళితే, తన మొక్క మీద చెయ్యి పడితే ఆ చెయ్యి ఉండదనీ, పురోహితుడిది పీకమనీ అన్నాడు. పురోహితుడు చెవులు మూసుకుని, మంత్రించిన మొక్క పీకితే ఏడు జన్మల పాపమన్నాడు, మంత్రిది పీకితే మాత్రం ఏ దోషమూ లేదట. బంగారు పొన్ను మొక్క మాట ముగ్గురిలో ఒక్కరూ ఎత్తలేదు.

పదిరోజులూ అయిపోయాయి. నెయ్యి అయిపోయింది.

పదకొండో రోజు కొలువు జరుగుతుండగా అంతఃపురంలోంచి ఒక కేక వినబడింది. మనిషి కేకలా లేదది. రాజు సింహాసనం మీంచి సగం లేచి అలాగే నిలబడిపోయాడు. అది తన తల్లి గొంతని తెలుసుకోవడానికి అతనికి కాసేపు పట్టింది.

నాంచారిని పట్టుకొచ్చారు. తాళంచెవి ఉన్నది ఆమె దగ్గరే కాబట్టి మొక్కల్ని చంపింది ఆమేనని మంత్రి తేల్చేశాడు. దేశం వెళ్లగొట్టాలన్నాడు సేనాపతి. చెయ్యి తీయించడం శాస్త్రసమ్మతమన్నాడు పురోహితుడు. శిక్షలో తేడా ఉన్నా, తప్పు ఆమెదేనని ముగ్గురూ ఒకే మాట మీద నిలబడడం అదే మొదటిసారి.

నాంచారి తలెత్తి రాజువైపు చూసింది. నా చెయ్యి ఎక్కడికీ పోదు, ముందు గోలెం పగలగొట్టి చూడండి, ఆపైన తమ ఇష్టం అంది.

గోలెం తెప్పించారు. భటుడొకడు గునపంతో ఒక్క పోటు పొడిచాడు. పెంకులు విచ్చుకుని నలువైపులా పడ్డాయి. చూసినవాళ్లందరూ రెండడుగులు వెనక్కి వేశారు.

లోపల మట్టి లేదు. పిడికెడైనా లేదు. గోలెం ఆకారంలోనే గుండ్రంగా, ఒకదాని గొంతు ఒకటి నులుముకుంటూ, కుళ్లి నల్లబడిన వేళ్ల ముద్ద ఉంది. తినడానికి మట్టి చాలక ఒకదాన్నొకటి బిగించి చంపుకున్నాయి. పైన నాలుగు పలకలూ నాలుగు పేర్లతో తళతళా మెరుస్తూనే ఉన్నాయి. నాంచారి పెంచిన మొదటి రెండు మొక్కలకి మాత్రం ఏ పలకా లేదు.

రాజు నాంచారి వైపు తిరిగాడు. ఇప్పుడేం చేయాలని అడిగాడు.

“కొనప్రాణం ఉన్నది ఒక్కటైనా ఉంటుంది. మిగతావన్నీ పీకితే అది బతుకుతుంది,” అంది నాంచారి. “ముందు తమరిది పీకండి ప్రభూ.”

సేనాపతి చెయ్యి కత్తి మీదికి పోయింది. రాజుకి ఎదురుగా అంత మాటన్నవాళ్లు ఆ సభలో అంతవరకూ లేరు. రాజు ముఖం ఎర్రబడింది, తరవాత తెల్లబడింది. సరిగ్గా అప్పుడే లోపలినుంచి మళ్లీ కేక వినబడింది. రాజు మెట్లు దిగి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, బంగారు పొన్ను కర్రతో సహా తన మొక్క లాగేశాడు.

అంతే, ఇంక చూడాలి తమాషా. నాది ముందు నాది ముందు అంటూ ముగ్గురు పెద్దలూ మొక్కల మీద పడ్డారు. నాటడానికి పడినంత పోటీ పీకడానికీ పడ్డారు. నాంచారి వాళ్లని పక్కకి నెట్టి, వేళ్ల చిక్కు వేలితో విప్పుకుంటూ, ఒక్క మొక్కని చంటిపిల్లని ఎత్తినట్టు బయటికి తీసింది. దానికి గుప్పెడు తెల్లని వేళ్లున్నాయి, చివర తెగులంటని చిగురుంది.

ఇది ఎవరి మొక్క అని రాజు అడిగాడు. ఇది రాజమాతగారిది అని నాంచారి చెప్పింది.

ఆ చిగురుతో సుశర్మ చిటికెడు నెయ్యి కాచాడు. మొక్క కొత్త గోలెంలో ఒంటరిగా నిలదొక్కుకుంది. చిటికెడు నెయ్యి తరవాత చిటికెడు నెయ్యిగా ఆ గండం గట్టెక్కింది.

రాజమాత తేరుకున్న రోజు రాజు వెళ్లి ఆమె మంచం దగ్గర నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు. తప్పు జరిగినా అందరూ ఆమె మీద భక్తితోనే చేశారని చెప్పాడు. తానైతే రెండు నెలలపాటు ఒక్కరోజు తప్పకుండా స్వయంగా నీళ్లు మోశానన్నాడు.

హేమాంబ కొడుకు ముఖంలోకి చూసింది.

“రోజూ పొద్దున్నే చెంబుతో వచ్చేవాడివా నాయనా?” అంది. “ఈ రెండు నెలల్లో నాకు గుక్కెడు మంచినీళ్లు ఎవరిచ్చారో తెలుసా? రోజూ మందు పట్టుకొచ్చే ఆ నాంచారి.”

రాజు తల వంచుకున్నాడు. యుద్ధాల్లో తగిలిన దెబ్బలేవీ అతన్ని అంత బాధించలేదు. ఆ పున్నమికి పలకలన్నీ పొయ్యిలో పెట్టించాడు. గోలేనికి ఒక్క మొక్కే అని శాసనం తిరగరాయించాడు. ఆ తరవాత రోజూ పొద్దున్నే తల్లి మంచం పక్కన కూర్చుని, ఆమె కాళ్లు పట్టి, మంచినీళ్లు తాగించి గానీ కొలువుకి వెళ్లేవాడు కాదు.

కాబట్టి పిల్లలూ, ఎవరికైనా మేలు చేయాలనుకుంటే మన పేరు నాటుకోవడం మాని, వాళ్ల అవసరానికి చోటివ్వాలి.